డాడ్జర్స్ సీజన్ తొలి మ్యాచ్‌లు: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికా బేస్‌బాల్ జట్లలో లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ పేరు తెలుగువారికి కొంత పరిచయమే. కాలిఫోర్నియాలో స్థిరపడిన కుటుంబాలు మైదానానికి వెళ్ళి చూస్తుంటే, ఇక్కడివారు జపాన్ ఆటగాడు షోహే ఓతానీ పేరు విని ఆ జట్టు చరిత్ర వైపు చూస్తున్నారు. మార్చి నెలాఖరులో సీజన్ మొదలయ్యే వేళ అవే సందేహాలు మళ్ళీ మళ్ళీ వస్తుండటంతో, ఆ జట్టు చరిత్రలో గుర్తుండిపోయిన తొలి మ్యాచ్‌ల గురించిన ప్రశ్నలనూ జవాబులనూ ఇక్కడ ఒకచోట చేర్చాము. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్నే విడిగా చదువుకోవచ్చు.

## ఆట కొత్తగా చూస్తున్నవారికి

ఓపెనింగ్ డే అంటే ఏమిటి? 162 మ్యాచ్‌లలో ఒకదానికి అంత హడావిడి ఎందుకు?

మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో ప్రతి జట్టూ రెగ్యులర్ సీజన్‌లో 162 మ్యాచ్‌లు ఆడుతుంది. మొదటి మ్యాచ్ జరిగే రోజును ఓపెనింగ్ డే అంటారు. గెలుపోటముల పట్టికలో దాని విలువ మిగతా 161 మ్యాచ్‌లలో ఏ ఒక్కదాని విలువకన్నా ఎక్కువ కాదు. అయినా నాలుగైదు నెలల చలికాలపు విరామం తరువాత జరిగే ఆట కావడం, కొత్తగా వచ్చిన ఆటగాళ్ళు తొలిసారి ఆ జట్టు దుస్తుల్లో కనిపించడం, గత ఏడాది గెలిచిన జట్టయితే ఛాంపియన్ జెండా ఎగరడం వంటివన్నీ ఆ వేళలోనే కలిసి వస్తాయి. పెద్దపెద్ద మార్పులు కూడా సహజంగా సీజన్ మొదటి రోజునే కంటికి కనిపిస్తాయి. ఒక నల్లజాతి ఆటగాడు తొలిసారి మైదానంలో అడుగుపెట్టడం, జట్టు ఒక తీరం నుంచి మరో తీరానికి తరలిపోవడం, కొత్త స్టేడియం తలుపులు తెరుచుకోవడం అలాంటివే. డాడ్జర్స్ చరిత్రలో ఈ మూడూ జరిగాయి కాబట్టే ఆ జట్టు తొలి మ్యాచ్‌ల గురించి ఇంత చెప్పుకోవలసి వస్తుంది.

సీజన్ తొలి మ్యాచ్, సొంత మైదానంలో తొలి మ్యాచ్ ఒకటేనా?

ఒక్కోసారి ఒకటే, చాలాసార్లు వేర్వేరు. షెడ్యూలును బట్టి జట్టు సీజన్‌ను ఎదుటి జట్టు ఊరిలో మొదలుపెట్టి, కొన్ని రోజుల తరువాత సొంత మైదానానికి తిరిగి రావచ్చు. ఈ రెండో సందర్భాన్ని హోమ్ ఓపెనర్ అంటారు. ఉదాహరణకు 1958లో డాడ్జర్స్ తొలి మ్యాచ్ ఏప్రిల్ 15న శాన్ ఫ్రాన్సిస్కోలో జరగగా, హోమ్ ఓపెనర్ ఏప్రిల్ 18న లాస్ ఏంజెలెస్‌లో జరిగింది. పాత రికార్డులు చదివేటప్పుడు ఈ తేడా గమనించకపోతే తేదీలు తారుమారైనట్టు కనిపిస్తాయి.

తొలి రోజున పిచింగ్ చేయడాన్ని అంత గౌరవంగా ఎందుకు చూస్తారు?

క్రికెట్‌లో బౌలర్లు ఓవర్లు పంచుకున్నట్టు కాకుండా, బేస్‌బాల్‌లో స్టార్టింగ్ పిచర్ ఒక్కడే మ్యాచ్‌లో ఎక్కువ భాగం బంతి విసురుతాడు. ఆ తరువాత నాలుగైదు రోజులు విశ్రాంతి తీసుకుంటాడు. అందువల్ల జట్టులో ఉన్న అయిదుగురు స్టార్టర్లలో మొదటి రోజు బంతి ఎవరి చేతికి ఇస్తారన్నది, ఆ ఏడాది జట్టు ఎవరిని అందరికన్నా నమ్ముతున్నదో చెప్పకనే చెబుతుంది. డాడ్జర్స్ తరఫున క్లేటన్ కెర్షా 9 సార్లు తొలి మ్యాచ్ ప్రారంభించాడు. అందులో 2011 నుంచి 2018 వరకు వరుసగా 8 ఉన్నాయి. డాన్ డ్రైస్‌డేల్, డాన్ సటన్ చెరి 7 సార్లు ఆ గౌరవం పొందారు.

## బ్రూక్లిన్ కాలం

డాడ్జర్స్ లాస్ ఏంజెలెస్ జట్టు కదా, బ్రూక్లిన్ ఎక్కడి నుంచి వచ్చింది?

ఈ జట్టు పుట్టింది 1883లో, న్యూయార్క్ నగరం పక్కన అప్పట్లో వేరే నగరంగా ఉన్న బ్రూక్లిన్‌లో. 1890లో, ఇప్పటి మేజర్ లీగ్‌లోని రెండు లీగ్‌లలో ఒకటైన నేషనల్ లీగ్‌లో చేరి 1957 సీజన్ ముగిసే వరకు అక్కడే ఆడి, 1958లో కాలిఫోర్నియాకు తరలింది.

ఎబెట్స్ ఫీల్డ్‌లో మొట్టమొదటి సీజన్ మ్యాచ్ గెలిచారా?

గెలవలేదు. యజమాని చార్లెస్ ఎబెట్స్ పేరుతో కట్టిన ఆ మైదానంలో తొలి లీగ్ మ్యాచ్ 1913 ఏప్రిల్ 9న, చలి వాతావరణంలో జరిగింది. ఫిలడెల్ఫియా ఫిలీస్ చేతిలో బ్రూక్లిన్ 0–1 తేడాతో ఓడింది. దానికి నాలుగు రోజుల ముందు అదే మైదానంలో న్యూయార్క్ యాంకీస్‌తో ఒక ప్రదర్శన మ్యాచ్ జరిగింది. దాన్ని చూసేందుకు జనం పోటెత్తడంతో, చాలామంది అదే అసలు ప్రారంభం అనుకుంటారు. లీగ్ లెక్కలో మాత్రం ఏప్రిల్ 9 నాటిదే మొదటిది.

1947 ఏప్రిల్ 15న మైదానంలో అసలేం జరిగింది?

ఆ మంగళవారం మధ్యాహ్నం ఎబెట్స్ ఫీల్డ్‌లో బోస్టన్ బ్రేవ్స్‌తో జరిగిన సీజన్ తొలి మ్యాచ్‌లో, 28 ఏళ్ళ జాకీ రాబిన్‌సన్ 42వ నంబరు చొక్కాతో ఫస్ట్ బేస్ స్థానంలో (పరుగు కోసం బ్యాటర్ చుట్టి రావలసిన నాలుగు బేస్‌లలో మొదటిదాని దగ్గర) నిలబడ్డాడు. 1880ల తరువాత మేజర్ లీగ్‌లో ఏ జట్టూ నల్లజాతి ఆటగాడికి చోటివ్వలేదు. అలా ఇవ్వరాదని రాతపూర్వకమైన చట్టమేదీ లేకపోయినా, యజమానులందరూ ఒక్కమాట మీద ఆ గీతను కాపాడుకుంటూ వచ్చారు. డాడ్జర్స్ అధ్యక్షుడు బ్రాంచ్ రికీ 1945లో రాబిన్‌సన్‌తో ఒప్పందం చేసుకుని, 1946లో మాంట్రియల్ రాయల్స్ అనే అనుబంధ జట్టులో ఆడించి, 1947లో సీజన్ మొదలవడానికి కొద్ది రోజుల ముందు ప్రధాన జట్టులోకి తీసుకున్నాడు.

ఆ రోజు వచ్చిన పాతిక వేలకు పైగా ప్రేక్షకులలో సగానికి మించి నల్లజాతీయులేనని అప్పటి అంచనా. బ్రేవ్స్ పిచర్ జానీ సేన్‌ను ఎదుర్కొన్న రాబిన్‌సన్ మొదటి మూడు అవకాశాలలోనూ ఔటయ్యాడు. ఏడో ఇన్నింగ్స్‌లో బ్రూక్లిన్ 2–3తో వెనకబడి, ఎడ్డీ స్టాంకీ ఫస్ట్ బేస్ మీద ఉండగా, అతడిని ముందుకు పంపేందుకు రాబిన్‌సన్ బంతిని మెల్లగా బ్యాటుతో తాకించి పరుగెత్తాడు. ఆ పరుగు వేగానికి తొందరపడిన ఫస్ట్ బేస్‌మన్ విసిరిన బంతి రాబిన్‌సన్ భుజానికి తగిలి దూరంగా దొర్లిపోవడంతో, ఇద్దరూ మరో బేస్ ముందుకు చేరారు. వెంటనే పీట్ రైజర్ డబుల్ (రెండు బేస్‌ల దెబ్బ) కొట్టగా ఇద్దరూ చివరి బేస్ అయిన హోమ్‌కు చేరి పరుగులు సాధించారు. జట్టును ఆధిక్యంలోకి తెచ్చిన ఆ పరుగు రాబిన్‌సన్‌దే. చివరికి బ్రూక్లిన్ 5–3తో గెలిచింది.

ఒక్క హిట్ (బ్యాటర్‌ను క్షేమంగా బేస్‌కు చేర్చే దెబ్బ) కూడా కొట్టని మ్యాచ్‌ను అంత గొప్పగా ఎందుకు చెప్పుకుంటారు?

స్కోరుకార్డు మాత్రమే చూస్తే ఆ రోజు రాబిన్‌సన్ ఆట సాధారణమైనదే. కానీ ఆ రోజు అతడు ఆడాడన్నదే వార్త. తరువాతి వారాల్లో ప్రత్యర్థి డగౌట్ల (ఆటగాళ్ళు కూర్చునే చోట్ల) నుంచి బూతులు, బెదిరింపు ఉత్తరాలు, కొన్ని ఊళ్ళలో జట్టుతో పాటు హోటల్‌లో గది దొరకకపోవడం వంటివన్నీ భరిస్తూ, సీజన్ ముగిసేసరికి .297 బ్యాటింగ్ సగటు, 29 దొంగిలించిన బేస్‌లతో (దెబ్బ లేకుండానే పరుగెత్తి అందుకున్నవి) ఆ ఏడాదే మొదలుపెట్టిన ఉత్తమ కొత్త ఆటగాడి అవార్డును అందుకున్నాడు. ఒక్క మ్యాచ్ గణాంకాలతో ఆ మనిషిని కొలవడం అన్యాయం. నిజానికి ఆ ఏడో ఇన్నింగ్స్‌లో అతడి పరుగు చూసి ప్రత్యర్థి తడబడటం కూడా, తరువాతి పదేళ్ళు అతడు ఆడబోయే ఆటకు సరైన పరిచయమే. అమెరికా సైన్యంలో జాతి వేర్పాటును తొలగిస్తూ ఉత్తర్వు వెలువడింది 1948లో. పాఠశాలల్లో వేర్పాటు చెల్లదని సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది 1954లో. ఆ రెండింటికన్నా ముందే ఈ మ్యాచ్ జరిగిందని గుర్తుంచుకోవాలి.

ఆ మ్యాచ్‌కు డాడ్జర్స్ మేనేజర్ లియో డ్యూరోషరేనా?

కాదు. సీజన్ మొదలవడానికి ఆరు రోజుల ముందు, లీగ్ కమిషనర్ హ్యాపీ చాండ్లర్ డ్యూరోషర్‌ను ఏడాది పాటు సస్పెండ్ చేశాడు. తొలి మ్యాచ్‌లకు క్లైడ్ సూక్‌ఫోర్త్ తాత్కాలికంగా జట్టును నడిపాడు. 1945లో రికీ తరఫున వెళ్ళి రాబిన్‌సన్‌ను బ్రూక్లిన్‌కు వెంటబెట్టుకుని వచ్చినవాడు కూడా సూక్‌ఫోర్తే. మిగతా సీజన్ బాధ్యతను బర్ట్ షాటన్ చేపట్టాడు.

ఏప్రిల్ 15న ఆటగాళ్ళందరూ 42 నంబరు ఎందుకు వేసుకుంటారు? అది ఓపెనింగ్ డేనా?

ఇప్పుడు సీజన్ మార్చిలోనే మొదలవుతోంది కాబట్టి ఏప్రిల్ 15 ఓపెనింగ్ డే కాదు. అది 1947 నాటి తొలి మ్యాచ్ తేదీ. 50 ఏళ్ళు నిండిన సందర్భంగా 1997లో 42వ నంబరును అన్ని జట్లలోనూ శాశ్వతంగా పక్కనపెట్టారు. అప్పటికే ఆ నంబరు వేసుకుంటున్నవారికి మాత్రం మినహాయింపు ఇచ్చారు. వారిలో చివరివాడు యాంకీస్ పిచర్ మరియానో రివేరా, 2013లో విరమించాడు. 2004 నుంచి ఏటా ఏప్రిల్ 15ను జాకీ రాబిన్‌సన్ దినంగా జరుపుతున్నారు. 2009 నుంచి ఆ ఒక్క రోజు ప్రతి జట్టులోని ప్రతి ఆటగాడూ అదే నంబరుతో ఆడుతున్నాడు.

సీజన్ ఆరంభం బాగుంటే ఛాంపియన్లు అవుతారనే నమ్మకంలో నిజం ఉందా?

బ్రూక్లిన్ అభిమానులు 1955ను చూపిస్తారు. ఆ ఏడాది జట్టు మొదటి 10 మ్యాచ్‌లూ గెలిచింది. 24 మ్యాచ్‌లు ముగిసేసరికి 22 గెలిచింది. చివరికి యాంకీస్‌ను ఓడించి బ్రూక్లిన్ చరిత్రలోని ఏకైక వరల్డ్ సిరీస్‌ను (సీజన్ చివర ఛాంపియన్‌ను తేల్చే పోటీ) సొంతం చేసుకుంది. అయితే అక్కడ ఫలితమిచ్చింది పది వారాలైనా తగ్గని నిలకడ. ఒక్క తొలి మ్యాచ్ గెలుపును బట్టి సీజన్ ఎలా ముగుస్తుందో ఊహించడానికి ఆధారమేదీ లేదు. ఆరంభంలో ఓడి ఛాంపియన్లు అయిన సంవత్సరం కూడా ఇదే జట్టు చరిత్రలో ఉంది.

## పడమటి తీరానికి

కాలిఫోర్నియాలో మొదటి మేజర్ లీగ్ మ్యాచ్ లాస్ ఏంజెలెస్‌లో జరిగిందా?

శాన్ ఫ్రాన్సిస్కోలో జరిగింది. 1957 తరువాత డాడ్జర్స్‌తో పాటు వారి చిరకాల ప్రత్యర్థులైన జెయింట్స్ కూడా న్యూయార్క్ వదిలి కాలిఫోర్నియాకు వచ్చారు. 1958 ఏప్రిల్ 15న సీల్స్ స్టేడియంలో ఆ రెండు జట్లే తలపడ్డాయి. జెయింట్స్ పిచర్ రూబెన్ గోమెజ్ ఒక్క పరుగూ ఇవ్వకపోగా, డ్రైస్‌డేల్ బంతిని జెయింట్స్ బ్యాటర్లు బాగా ఆడారు. కొత్త కుర్రవాడు ఒర్లాండో సెపెడా తన మొదటి మ్యాచ్‌లోనే హోమ్ రన్ (బంతిని కంచె దాటించే దెబ్బ) కొట్టాడు. డాడ్జర్స్ 0–8తో ఓడిపోయారు. పశ్చిమ తీరంలో ఆ జట్టు కొత్త జీవితం ఓటమితో మొదలైందన్న మాట.

1958లో లాస్ ఏంజెలెస్‌లో జరిగిన హోమ్ ఓపెనర్ ప్రత్యేకత ఏమిటి?

సొంత స్టేడియం ఇంకా కట్టలేదు కాబట్టి 1932 ఒలింపిక్స్ జరిగిన మెమోరియల్ కొలీజియంలో ఆడవలసి వచ్చింది. అది పరుగు పందేలకూ అమెరికన్ ఫుట్‌బాల్‌కూ కట్టిన మైదానం. బేస్‌బాల్ ఆకారానికి ఏమాత్రం సరిపోదు. ఎడమ వైపు కంచె కేవలం 250 అడుగుల దూరంలో, అంటే సుమారు 76 మీటర్లలో వచ్చేసింది. మామూలు దెబ్బలు కూడా హోమ్ రన్‌లు కాకుండా ఉండాలని అక్కడ దాదాపు 40 అడుగుల ఎత్తున వల కట్టారు. అయినా ఏప్రిల్ 18న 78,672 మంది వచ్చారు. బ్రూక్లిన్‌లోని ఎబెట్స్ ఫీల్డ్ నిండినా అందులో సగం మంది కూడా పట్టరు. జట్టును తరలించిన యజమాని వాల్టర్ ఓమాలీ లెక్క సరైనదేనని ఆ ఒక్క మధ్యాహ్నం తేల్చింది.

కార్ల్ ఎర్‌స్కిన్ ప్రారంభించిన ఆ మ్యాచ్‌లో డాడ్జర్స్ 6–5తో జెయింట్స్‌ను ఓడించారు. చివరి ఇన్నింగ్స్‌లో జెయింట్స్ కొత్త ఆటగాడు జిమ్ డావెన్‌పోర్ట్ హోమ్ బేస్‌కు చేరే హడావిడిలో థర్డ్ బేస్‌ను తొక్కకుండా దాటిపోయాడు. డాడ్జర్స్ అది గమనించి అప్పీలు చేయగా అంపైర్ అతడిని ఔటుగా ప్రకటించాడు. ఒక్క పరుగుతో తేలిన మ్యాచ్‌లో ఆ పరుగు లెక్కలోకి రాలేదు.

డాడ్జర్ స్టేడియం మొదటి మ్యాచ్ ఎప్పుడు, ఎవరు గెలిచారు?

1962 ఏప్రిల్ 10న. వాల్టర్ ఓమాలీ భార్య కే ఓమాలీ తొలి బంతి విసిరారు. 52,564 మంది చూస్తుండగా సిన్సినాటి రెడ్స్ 6–3తో గెలిచింది. ఏడో ఇన్నింగ్స్‌లో వాలీ పోస్ట్ కొట్టిన మూడు పరుగుల దెబ్బ ఆ స్టేడియంలో మొదటి హోమ్ రన్. మరునాడు పిచర్ శాండీ కోఫాక్స్ ఆడి కొత్త మైదానంలో జట్టుకు తొలి విజయం అందించాడు.

ఈ ప్రారంభాన్ని గురించి చెప్పేటప్పుడు ఆ నేల కథను వదిలేయడం న్యాయం కాదు. స్టేడియం ఉన్న చావెజ్ రవీన్‌లో ఒకప్పుడు మెక్సికన్ అమెరికన్ కుటుంబాలు నివసించేవి. ప్రభుత్వ గృహాల పథకం కోసమని 1950ల ఆరంభంలో నగరపాలక సంస్థ వారిని ఖాళీ చేయించింది. ఆ పథకం రద్దయిన తరువాత నేల డాడ్జర్స్ చేతికి వచ్చింది. మిగిలిపోయిన చివరి కుటుంబాలను 1959లో పోలీసులు బలవంతంగా బయటికి పంపారు. ఆ నగరంలోని లాటినో సమాజం చాలా ఏళ్ళు జట్టుకు దూరంగా ఉండటానికి అది ముఖ్య కారణం.

## కోఫాక్స్ నుంచి ఫెర్నాండో వరకు

కోఫాక్స్ ఎన్నిసార్లు తొలి మ్యాచ్‌లో పిచింగ్ ప్రారంభించాడు?

ఒక్కసారే. ఇది చాలామందిని ఆశ్చర్యపరిచే విషయం. 1964 ఏప్రిల్ 14న డాడ్జర్ స్టేడియంలో సెయింట్ లూయిస్ కార్డినల్స్‌పై 4–0తో, ప్రత్యర్థికి ఒక్క పరుగూ ఇవ్వకుండా గెలిచాడు. మిగతా సంవత్సరాల్లో ఆ బాధ్యత ఎక్కువగా డ్రైస్‌డేల్‌కు దక్కింది. ఎడమచేతి వాటపు పిచర్లలో అత్యుత్తముడిగా చాలామంది లెక్కించే ఆటగాడికి ఒక్క ఆరంభమే దక్కిందంటే, 1960లలో ఆ జట్టు పిచింగ్ ఎంత బలంగా ఉండేదో అర్థమవుతుంది.

హ్యాంక్ ఆరన్ 715వ హోమ్ రన్ డాడ్జర్స్ మీదేనా?

అవును. 1974 ఏప్రిల్ 8న అట్లాంటా బ్రేవ్స్ హోమ్ ఓపెనర్‌కు డాడ్జర్స్ అతిథి జట్టు. నాలుగు రోజుల ముందు సిన్సినాటిలో, సీజన్ తొలి రోజునే ఆరన్ 714వ హోమ్ రన్‌తో బేబ్ రూత్ రికార్డును అందుకున్నాడు. అట్లాంటాలో నాలుగో ఇన్నింగ్స్‌లో డాడ్జర్స్ పిచర్ ఆల్ డౌనింగ్ బంతిని కంచె దాటించి ఆ రికార్డును దాటాడు. బ్రేవ్స్ 7–4తో గెలిచారు. డాడ్జర్స్ చరిత్రలో ఇది ఓటమే అయినా, వారి వ్యాఖ్యాత విన్ స్కల్లీ రేడియోలో ఆ క్షణాన్ని వర్ణించి, తరువాత చాలాసేపు మాట్లాడకుండా ప్రేక్షకుల హర్షధ్వానాలనే వినిపించిన తీరు ప్రసార విద్యలో ఈనాటికీ పాఠమే.

ఫెర్నాండో వాలెన్‌జ్వెలా 1981లో తొలి మ్యాచ్ ఎలా ఆడాడు?

అనుకోకుండా. జెర్రీ రాయిస్ ఆడాలన్నది అసలు ప్రణాళిక. ముందు రోజు అతడి పిక్క కండరం పట్టేసింది. తరువాతి వరుసలో ఉన్న బర్ట్ హూటన్ కూడా సిద్ధంగా లేడు. దాంతో మేనేజర్ టామీ లసోర్డా, అప్పటివరకు మేజర్ లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడా ప్రారంభించని 20 ఏళ్ళ వాలెన్‌జ్వెలాకు బంతి ఇచ్చాడు. మెక్సికోలోని సొనోరా రాష్ట్రంలో ఎచోవాకీలా అనే చిన్న పల్లెలో పేద రైతు కుటుంబంలో పుట్టిన ఫెర్నాండోకు అప్పటికి ఇంగ్లీషు దాదాపు రాదు. బంతి విసిరే ముందు కళ్ళు ఆకాశం వైపు ఎత్తే అలవాటు, బ్యాటర్ ఊహించిన దిక్కుకు వ్యతిరేకంగా తిరిగే స్క్రూబాల్ అతడి గుర్తులు.

ఏప్రిల్ 9న హ్యూస్టన్ ఆస్ట్రోస్‌పై తొమ్మిది ఇన్నింగ్స్‌లూ తానే వేసి, 5 హిట్లు మాత్రమే ఇచ్చి 2–0తో గెలిచాడు. అక్కడితో ఆగలేదు. మొదటి 8 మ్యాచ్‌లూ గెలిచాడు. వాటిలో 5 మ్యాచ్‌లలో ప్రత్యర్థికి ఒక్క పరుగూ రాలేదు. ఆ ఏడాది ఉత్తమ కొత్త ఆటగాడి అవార్డునూ, ఉత్తమ పిచర్‌కు ఇచ్చే సై యంగ్ అవార్డునూ ఒకే సీజన్‌లో అందుకున్న మొట్టమొదటి ఆటగాడయ్యాడు. డాడ్జర్స్ యాంకీస్‌ను ఓడించి వరల్డ్ సిరీస్ గెలిచారు.

ఆటను మించి జరిగిన మరో మార్పు ఉంది. అతడు ఆడే రోజు స్టేడియంలో స్పానిష్ మాటలు నిండిపోయేవి. చావెజ్ రవీన్ చేదు జ్ఞాపకంతో దూరమైన కుటుంబాల పిల్లలు అతడి కోసం అదే కొండ ఎక్కి వచ్చారు. ఫెర్నాండోమేనియా అని పేరుపడిన ఆ ఉత్సాహానికి మొదటి రోజు ఆ ఏప్రిల్ 9. అతడి 34వ నంబరును జట్టు 2023లో పక్కనపెట్టి గౌరవించింది. 2024 అక్టోబరులో ఆయన కన్నుమూశారు.

1988లో ఛాంపియన్లు కదా, తొలి మ్యాచ్ కూడా గెలిచారా?

లేదు. ఏప్రిల్ 4న జెయింట్స్‌తో జరిగిన మ్యాచ్‌లో తమకు వచ్చిన మొదటి బంతినే స్టీవ్ సాక్స్ హోమ్ రన్‌గా మలిచాడు. ఆ తరువాత జట్టుకు మరో పరుగు రాలేదు. జెయింట్స్ పిచర్ డేవ్ డ్రవెకీ అద్భుతంగా వేసి డాడ్జర్స్‌ను 1–5తో ఓడించాడు. అదే జట్టు అక్టోబరులో ఓక్లండ్ అథ్లెటిక్స్‌ను అయిదు మ్యాచ్‌లలో ఓడించి వరల్డ్ సిరీస్ గెలిచింది.

## కెర్షా కాలం, ఆ తరువాత

2011 తొలి మ్యాచ్‌ను అభిమానులు బాధతో ఎందుకు తలుచుకుంటారు?

మార్చి 31న జెయింట్స్‌పై 2–1తో గెలిచిన ఆ రాత్రి, స్టేడియం వాహనాల నిలుపుదల స్థలంలో జెయింట్స్ అభిమాని ఒకరిపై ఇద్దరు దాడి చేయగా, ఆయన మెదడుకు శాశ్వతమైన గాయమైంది. దోషులకు శిక్ష పడింది. భద్రత సరిగా లేదన్న దావాలో జ్యూరీ డాడ్జర్స్ సంస్థకు కూడా కొంత బాధ్యత ఉందని తేల్చింది. ప్రత్యర్థి జట్టు చొక్కా వేసుకుని వచ్చిన మనిషి క్షేమంగా ఇంటికి చేరలేని రోజును గెలుపుగా లెక్కించలేము.

పిచర్ అయిన కెర్షా తొలి మ్యాచ్‌లో హోమ్ రన్ కొట్టాడన్నది నిజమేనా?

నిజమే. 2013 ఏప్రిల్ 1న జెయింట్స్‌తో ఏడు ఇన్నింగ్స్‌లు ముగిసినా స్కోరు 0–0గానే ఉంది. ఎనిమిదో ఇన్నింగ్స్ ఆరంభంలో బ్యాటు పట్టిన కెర్షా, తనకు వచ్చిన మొదటి బంతినే మధ్య కంచె దాటించాడు. అతడి మేజర్ లీగ్ జీవితంలో అదే మొదటి హోమ్ రన్. తరువాత తొమ్మిదో ఇన్నింగ్స్ కూడా తానే వేసి 4–0తో ముగించాడు. ఇచ్చినవి 4 హిట్లే. తొలి రోజున షటౌట్‌తో (ప్రత్యర్థికి ఒక్క పరుగూ ఇవ్వని గెలుపుతో) పాటు హోమ్ రన్ కూడా సాధించిన పిచర్ 1953లో క్లీవ్‌లండ్‌కు చెందిన బాబ్ లెమన్ తరువాత ఇతడే. ఆ మధ్యాహ్నం ఆటకు ముందు లాంఛనప్రాయమైన తొలి బంతి విసిరింది కోఫాక్స్. 2022 నుంచి రెండు లీగ్‌లలోనూ పిచర్లకు బదులుగా వేరే బ్యాటర్ ఆడే నియమం వచ్చింది కాబట్టి, మామూలు పిచర్ నుంచి ఇలాంటి మ్యాచ్ ఇక ఆశించలేము.

తొలి మ్యాచ్‌లో అతిపెద్ద గెలుపు ఏది?

2016 ఏప్రిల్ 4న శాన్ డియేగో పాడ్రెస్‌పై 15–0. ప్రత్యర్థికి పరుగు ఇవ్వకుండా తొలి రోజున సాధించిన విజయాల్లో లీగ్ చరిత్రలోనే అది అతిపెద్ద తేడా. కెర్షా ఏడు ఇన్నింగ్స్‌లలో ఒక్క హిట్టే ఇచ్చాడు. మేనేజర్‌గా డేవ్ రాబర్ట్స్‌కు డాడ్జర్స్‌తో అదే మొదటి సీజన్. తరువాతి రెండు మ్యాచ్‌లలోనూ పాడ్రెస్‌కు ఒక్క పరుగు రాలేదు.

8 హోమ్ రన్‌లు కొట్టిన మ్యాచ్ ఏది?

2019 మార్చి 28న అరిజోనా డైమండ్‌బ్యాక్స్‌పై 12–5తో గెలిచిన మ్యాచ్. జాక్ పీడర్‌సన్, కీకే హెర్నాండెజ్ చెరి రెండు, మాక్స్ మన్సీ, కోరీ సీగర్, కోడీ బెలింజర్, ఆస్టిన్ బార్న్స్ తలా ఒకటి కొట్టారు. ఓపెనింగ్ డే రోజున ఒక జట్టు కొట్టిన హోమ్ రన్‌లలో అది రికార్డు.

కోవిడ్ ఏడాది 2020లో తొలి మ్యాచ్ ఎలా జరిగింది?

జూలై 23న, ప్రేక్షకులు ఒక్కరూ లేని డాడ్జర్ స్టేడియంలో జరిగింది. ఆ ఏడాది సీజన్‌ను 60 మ్యాచ్‌లకు కుదించారు. కెర్షాకు వెన్నునొప్పి రావడంతో కొత్త కుర్రవాడు డస్టిన్ మే ఆడాడు. 1981లో వాలెన్‌జ్వెలా తరువాత డాడ్జర్స్ తరఫున తొలి మ్యాచ్ ప్రారంభించిన కొత్త ఆటగాడు ఇతడే. ముందు రోజే మూకీ బెట్స్ 12 ఏళ్ళకు 36.5 కోట్ల డాలర్ల ఒప్పందంపై సంతకం చేశాడు. జెయింట్స్‌పై 8–1తో గెలిచిన ఆ జట్టు, 1988 తరువాత మళ్ళీ ఆ ఏడాదే వరల్డ్ సిరీస్ గెలిచింది.

2021లో బెలింజర్ బంతి కంచె దాటినా హోమ్ రన్ ఎందుకు ఇవ్వలేదు?

డెన్వర్‌లో కొలరాడో రాకీస్‌తో ఆడుతుండగా, ఫీల్డర్ గ్లవ్‌ను తాకిన బంతి కంచె అవతల పడింది. ఫస్ట్ బేస్ మీద ఉన్న జస్టిన్ టర్నర్ క్యాచ్ పట్టాడనుకుని వెనక్కి పరుగెత్తాడు. ఆ క్రమంలో బెలింజర్ అతడిని దాటిపోయాడు. ముందున్న రన్నర్‌ను దాటితే ఔటు. అందువల్ల టర్నర్ పరుగు మాత్రమే లెక్కకు వచ్చి, బెలింజర్‌కు సింగిల్ (ఒక్క బేస్ దెబ్బ) దక్కింది. డాడ్జర్స్ 5–8తో ఓడారు.

## సముద్రాల అవతల

క్రికెట్ మైదానంలో డాడ్జర్స్ సీజన్ మొదలుపెట్టారా?

అవును. 2014 మార్చి 22న సిడ్నీ క్రికెట్ గ్రౌండ్‌లో. భారత జట్టు టెస్టుల కోసం మనం తెల్లవారుజామున లేచి టీవీ పెట్టుకునే ఆ పచ్చికలోనే బేస్‌బాల్ కోసం మట్టి పరచి, పిచర్ నిలబడే దిబ్బ కట్టి, డగౌట్లు ఏర్పాటు చేశారు. ఆస్ట్రేలియాలో మేజర్ లీగ్ సీజన్ మ్యాచ్ జరగడం అదే మొదటిసారి. కెర్షా ఆడిన మొదటి మ్యాచ్‌లో 3–1తో, హ్యున్-జిన్ ర్యూ ఆడిన రెండో మ్యాచ్‌లో 7–5తో డైమండ్‌బ్యాక్స్‌ను ఓడించారు. క్రికెట్ తెలిసిన పాఠకులకు మా సలహా ఒకటే: వీలైతే ఆ మ్యాచ్ చిత్రాలు చూడండి. గుండ్రటి మైదానంలో బేస్‌బాల్ ఎంత తక్కువ మేర వాడుకుంటుందో కంటికి కనిపిస్తుంది.

ఓతానీ డాడ్జర్స్ తరఫున మొదట ఎక్కడ ఆడాడు?

దక్షిణ కొరియా రాజధాని సియోల్‌లోని గోచోక్ స్కై డోమ్‌లో, 2024 మార్చి 20న. 2023 డిసెంబరులో 10 ఏళ్ళకు 70 కోట్ల డాలర్లతో జట్టులో చేరిన షోహే ఓతానీకి అది తొలి మ్యాచ్. ఆ దేశంలో జరిగిన మొదటి మేజర్ లీగ్ సీజన్ మ్యాచ్ కూడా అదే. ఎనిమిదో ఇన్నింగ్స్ వరకు పాడ్రెస్ 2–1 ఆధిక్యంలో ఉన్నారు. స్కోరు సమమైన తరువాత గావిన్ లక్స్ కొట్టిన బంతి ఫస్ట్ బేస్‌మన్ జేక్ క్రోనెన్‌వర్త్ గ్లవ్ అల్లికను చీల్చుకుని వెనక్కి పోయింది. దాంతో ఆధిక్యం చేతులు మారింది. డాడ్జర్స్ 5–2తో గెలిచారు. మరునాటి మ్యాచ్‌లో పాడ్రెస్ 15–11తో బదులు తీర్చుకున్నారు.

2025 టోక్యో మ్యాచ్ విశేషమేమిటి?

మార్చి 18న టోక్యో డోమ్‌లో షికాగో కబ్స్‌పై డాడ్జర్స్ 4–1తో గెలిచారు. డాడ్జర్స్‌కు యోషినోబు యమమోతో, కబ్స్‌కు షోతా ఇమానాగా పిచింగ్ ప్రారంభించారు. మేజర్ లీగ్ తొలి రోజున ఇద్దరు స్టార్టర్లూ జపాన్‌వారే కావడం అదే మొదటిసారి. 1947లో ఒక్క ఆటగాడి చర్మపు రంగు గురించి రగిలిన జట్టు, తన సీజన్‌ను మరో ఖండంలో, ఆ దేశపు ఆటగాళ్ళ ముఖాలతోనే మొదలుపెట్టే స్థితికి వచ్చింది. మా దృష్టిలో ఆ ఆటలో ఎవరు గెలిచారన్నదానికన్నా ఇదే పెద్ద విషయం. ఆ ఏడాది చివర టొరంటో బ్లూ జేస్‌తో ఏడో మ్యాచ్ వరకు సాగిన వరల్డ్ సిరీస్‌ను కూడా డాడ్జర్స్ గెలిచారు.

## చదవాలనుకునేవారికి, చూడాలనుకునేవారికి

వీటిలో ఒక్కదాని గురించే తెలుసుకోవాలంటే ఏది?

1947. అందులో ఎవరికీ సందేహం ఉండదు. రెండోదిగా మేము 1981ను ఎంచుకుంటాము. 2013లో కెర్షా ఆడిన ఆట నైపుణ్యంలో దాన్ని మించినా, ఒక నగరంలో పెద్ద వర్గానికి జట్టుతో ఉన్న సంబంధాన్ని మార్చిన శక్తి 1981కే ఉంది.

తొలి మ్యాచ్ భారత కాలమానంలో ఎప్పుడు వస్తుంది?

సీజన్ జరిగే నెలల్లో లాస్ ఏంజెలెస్ కన్నా భారత కాలమానం 12 గంటల 30 నిమిషాలు ముందుంటుంది. అక్కడ సాయంత్రం 7.10కి మొదలయ్యే మ్యాచ్ ఇక్కడ మరునాటి ఉదయం 7.40కి, మధ్యాహ్నం 1.10కి మొదలయ్యేది అర్ధరాత్రి దాటాక 1.40కి వస్తుంది. హోమ్ ఓపెనర్ తరచుగా పగటి మ్యాచ్‌గా ఉంటుంది కాబట్టి, షెడ్యూలులో తేదీ ఒక రోజు ముందుకు జరుగుతుందని చూసుకోవాలి. తూర్పు ఆసియాలో ఆడినప్పుడు మాత్రం మనకు అనుకూలమైన వేళ దొరుకుతుంది. 2025 టోక్యో మ్యాచ్ ఇక్కడ మధ్యాహ్నం 3.40కి మొదలైంది. లాస్ ఏంజెలెస్‌లోని అభిమానులు దానికోసం తెల్లవారుజామున 3.10కి లేచి కూర్చోవలసి వచ్చింది.